ట్యాబులు ఇచ్చారు సరే, ఊళ్లో బోర్ల లెక్క ఎవరు తీస్తారు?

మా మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ షాపులో ప్రాజెక్టులు అమ్ముతారు. జోకు కాదు, నిజంగానే. "ఎనిమిదో క్లాసు, బయాలజీ, కాలుష్యం" అంటే చాలు, షాపతను నెట్‌లోంచి తీసిన నాలుగు కాగితాలకి రెండు రంగు బొమ్మలు, పైన ఒక ప్లాస్టిక్ అట్ట చేర్చి స్పైరల్ బైండింగ్ చేసి చేతిలో పెడతాడు. ఇంకాస్త పెట్టుకోగలిగితే థర్మోకోల్ అగ్నిపర్వతం. అందులో కాలుష్యం ఢిల్లీది, ఫోటోలో ఫ్యాక్టరీ ఏ దేశానిదో దేవుడికే తెలియాలి, మన చెరువు గట్టు మీద తగలబడే చెత్త మాత్రం ఎక్కడా ఉండదు. పిల్లాడు పేరు రాసి ఇస్తాడు, మేం టీచర్లం సంతకం పెట్టి పదికి తొమ్మిది వేస్తాం. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిస్తామంటే, అందరికీ పదికి పదీ వేస్తే పైనుంచి వచ్చినవాళ్లకి అనుమానం వస్తుందని.

ఏడాది పొడవునా పిల్లల పని చూసి మార్కులు వేసే సీసీఈ పద్ధతి వచ్చినప్పటి నుంచీ మన రెండు రాష్ట్రాల బడుల్లో ప్రాజెక్టు పని మార్కుల్లో ఒక భాగం. కాగితం మీద చూస్తే మంచి ఆలోచనే. అమలు దగ్గరికొచ్చేసరికి ఆ షాపుకి వ్యాపారం అయింది. ఇప్పుడు ఆ షాపుకీ గండి పడుతోందనుకోండి. ఇంట్లో ఫోన్ ఉన్న ఏ పిల్లాడైనా చాట్‌జీపీటీని అడిగితే తెలుగులోనే, ఉపోద్ఘాతం దగ్గర్నుంచి ముగింపు దాకా రాసి ఇచ్చేస్తోంది. తోటి టీచర్లు చాలామంది దీని గురించి టెన్షన్ పడుతున్నారు. నాకు మాత్రం లోలోపల సంతోషంగానే ఉంది. మనం ఇన్నేళ్లూ ప్రాజెక్టు అని పిలిచినది ప్రాజెక్టే కాదని ఇంతకంటే బాగా ఎవరూ రుజువు చేయలేరు. మిషను అర నిమిషంలో చేసిపెట్టే పనికి మార్కులు వేస్తూ కూర్చున్నామన్నమాట.

అయితే ఆ మిషనుకి తెలియనిది ఒకటుంది. మా ఊరి బోర్లు ఎన్ని, ఏ ఏడాది ఎంత లోతుకి దిగాయి, ఎన్ని ఎండిపోయాయి అన్నది దానికి తెలియదు. దానికే కాదు, మా ఊళ్లో కూడా ఎవరికీ మొత్తంగా తెలియదు. అవి తెలుసుకోవడానికి పనికొచ్చినప్పుడే బడిలో టెక్నాలజీకి విలువ అని నా వాదన.

ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, బడిలోకి టెక్నాలజీ ఒకే దారిలో వస్తోంది: ఎక్కడో తయారైన పాఠం తెర మీదుగా పిల్లల ముందుకి. ఉమ్మడి రాష్ట్రంలో 'మన టీవీ' అనే ప్రభుత్వ ఛానెల్ వచ్చింది. కరోనాలో బడులు మూతపడ్డప్పుడు 2020 జూన్‌లో ఆంధ్రలో విద్యావారధి పేరుతో సప్తగిరి ఛానెల్లో, సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో పాఠాలు వేశారు. ఆ కష్టకాలంలో అంతకంటే చేయగలిగింది లేదు, దాన్ని తప్పుపట్టను. కానీ కరోనా పోయినా ఆలోచన మాత్రం అక్కడే ఆగిపోయింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి ఐదు లక్షల పైచిలుకు ట్యాబులు పంచారు, వాటిలో వీడియో పాఠాలు ముందే నింపి, వేరే యాప్ వేసుకోకుండా తాళం పెట్టి మరీ. తర్వాత తరగతి గదుల్లో గోడకి పెద్ద డిజిటల్ ప్యానెళ్లు వచ్చాయి. 2023 ఆగస్టులో బడుల్లో సెల్‌ఫోన్ల మీద నిషేధం వచ్చింది. ట్యాబు ఇవ్వడం, ఫోన్ తీసేసుకోవడం పైకి రెండు వేర్వేరు పనుల్లా కనిపిస్తాయి కానీ రెండింటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే. పిల్లాడు చూసేవాడు, అంతే. మంచివి చూపిస్తే బాగుపడతాడు, చెడ్డవి చూస్తే పాడైపోతాడు. వాడి చేతిలో ఉన్న వస్తువుతో వాడే ఏదైనా కొలవొచ్చని, నమోదు చేయొచ్చని, అడగొచ్చని ఎవరికీ తట్టలేదు.

మాది ప్రకాశం పడమటి వైపు. కనిగిరి, పొదిలి, దర్శి పేర్లు చెబితే ఫ్లోరైడ్ గురించి తెలిసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి మన దేశంలో మొదటి వైద్య నివేదికలు వచ్చింది ఆ జిల్లా నుంచే. వానలు తక్కువ, కాలవలు లేవు, ఉన్నదంతా బోరే. ఇక్కడ రైతు ఇంట్లో పిల్లల చదువు, పెళ్లిళ్లు, అప్పులు అన్నీ బోరు చుట్టూనే తిరుగుతాయి. అలాంటి ఊళ్లో తొమ్మిదో తరగతి పిల్లలు భూగర్భజలం గురించి పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకోవడం ఏమిటి?

అందుకే మేం బోర్ల సర్వే పెట్టుకున్నాం. నలుగురైదుగురు పిల్లలకి ఒక గ్రూపు, గ్రూపుకి ఊళ్లో ఒక దిక్కు. అడగాల్సినవి పిల్లలే తయారు చేశారు: బోరు ఏ సంవత్సరం వేశారు, ఎన్ని అడుగులు వేశారు, అప్పుడు ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డాయి, ఇప్పుడు ఎన్ని వస్తున్నాయి, మోటారు ఎన్ని పైపుల లోతులో ఉంది, పాయింటు ఎవరు చూశారు. ఆఖరి ప్రశ్న నాకైతే తట్టేది కాదు. మా వైపు బోరు పాయింటు చూడటానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలంలో తిరిగేవాళ్లుంటారు, కాయ నిటారుగా లేచిన చోట నీళ్లు ఉన్నట్టు లెక్క. కొందరు జియాలజిస్టుని పిలిపిస్తారు. రెండింట్లో ఏది నమ్మొచ్చో తేల్చాలని పిల్లలకి పట్టుదల. ఇందులో చిన్న చిక్కుంది. కొబ్బరికాయతో పాయింటు చూసే ఒకాయన మనవడు ఆ క్లాసులోనే ఉన్నాడు.

మొదటి రోజే ఒక తాత పిల్లల్ని అడిగాడట, "ఎందుకమ్మా ఇవన్నీ రాసుకుంటున్నారు, లోను ఏమన్నా ఇస్తారా?" అని. "లేదు తాతా, మా ప్రాజెక్టు" అంటే, "ప్రాజెక్టంటే వెలిగొండేగా?" అన్నాడట, మా వైపు సాగునీటి ప్రాజెక్టు అది. ఇది స్టాఫ్‌రూములో చెప్పుకుని ఎంత నవ్వుకున్నామో.

టెక్నాలజీ పెద్దదేమీ లేదు. వివరాలు ముందు నోటుబుక్కులో, ఎందుకంటే పొలాల్లో సిగ్నల్ ఉండదు, ఎండలో స్క్రీన్ కనపడదు. గ్రూపుకి ఒక ఫోన్, అది కూడా ఎవరి అన్నయ్యదో పిన్నిదో సాయంత్రం పూట అడిగి తెచ్చుకున్నది. బోరు దగ్గర నిలబడి మ్యాపులో వేలు నొక్కి పట్టుకుంటే వచ్చే అక్షాంశం, రేఖాంశం రాసుకోవడం. బడికి వచ్చాక ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌లో అందరూ వంతులవారీగా ఒకే గూగుల్ షీట్‌లో ఎక్కించడం. షీటుని మ్యాపు మీదికి తెచ్చిన రోజు మా ఊరి బోరు ఒకటి ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్బార్డ్ దీవుల్లో తేలింది. ఎవరో 15.4, 79.5 అని వేయాల్సింది 79.5, 15.4 అని వేశారు. క్లాసంతా పడీపడీ నవ్వారు. అక్షాంశం ఏది, రేఖాంశం ఏది అన్నది సోషల్ టీచరు ఏడాదంతా చెప్పినా తలకెక్కనివాళ్లు ఆ రోజు తర్వాత మళ్లీ మర్చిపోలేదు.

తర్వాత గ్రాఫు. అడ్డంగా సంవత్సరం, నిలువుగా లోతు, లోతు కాబట్టి సున్నా పైన పెట్టి కిందికి దిగేలా. చుక్కలు ఎడమ నుంచి కుడికి కిందికి జారిపోతూ కనిపించాయి. ఊళ్లో నీళ్లు అడుగంటుతున్నాయని అందరూ అనే మాటే, కానీ అది సొంత కష్టంతో తెచ్చిన చుక్కల్లో కనిపించేసరికి క్లాసు నిశ్శబ్దమైపోయింది. నేను ఇక పాఠం అయిపోయిందనే అనుకున్నాను. అప్పుడు వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, నీళ్లు కిందికి పోయినందుకు లోతుగా వేశారా, రిగ్గులు కొత్తవి వచ్చి లోతుకి వేయగలుగుతున్నాయి కాబట్టి వేశారా?" అంది.

ఈ ప్రశ్న ఏ వీడియో పాఠమూ పుట్టించదు. దీనికి జవాబు చెప్పాలంటే మా షీటు ఒక్కటే సరిపోదు. రిగ్గు బండి ఓనరుని ఫోన్లో పట్టుకుని పాత బండ్లు ఎంత లోతుకి వెళ్లేవో అడగాలి. భూగర్భ జలశాఖ అక్కడక్కడా వేసిన పరిశీలన బావుల్లో నీటిమట్టం ఎలా మారిందో చూడాలి. ఆ లెక్కలు ఏపీ వ్రిమ్స్ అనే ప్రభుత్వ పోర్టల్లో ఎవరైనా చూసుకునేలా ఉన్నాయి. బయటి సమాచారం కావాల్సి వచ్చింది అప్పుడు. గోడ మీది ప్యానెల్ మొదటిసారి నిజంగా పనికొచ్చింది కూడా అప్పుడే: పోర్టల్ దాని మీద తెరిచి, మా చుక్కల పక్కన వాళ్ల గీత పెట్టి, ఎక్కడ కలుస్తోంది ఎక్కడ కలవట్లేదు అని పిల్లలు వాదించుకున్నారు. నేను ముందే ఆ పోర్టల్ చూపించి ఉంటే ఒక్కడూ తలెత్తి చూసేవాడు కాదు.

కొబ్బరికాయ సంగతి అంటారా? తేలలేదు. జియాలజిస్టు చూసిన బోర్లు మా ఊళ్లో మరీ తక్కువ, అంత కొద్ది లెక్కతో ఏమీ చెప్పకూడదని పిల్లలే ఒప్పుకున్నారు. పాయింటు చూసే ఆయన మనవడు మాత్రం ఇంకో గట్టి మాట అన్నాడు: "ఫెయిలైన బోర్ల గురించి జనం సరిగ్గా చెప్పరు సార్, మా తాతని కూడా నీళ్లు పడినవాళ్లే తలుచుకుంటారు." ఇంకో పిల్లాడు దానికి తోడు, బోర్లు వేసి వేసి అప్పులపాలై ఊరు వదిలి వెళ్లినవాళ్లని మనం అడగనేలేదు కదా అన్నాడు. సర్వేలో ఎవరు దొరకలేదో ఆలోచించడం స్టాటిస్టిక్స్ చదివిన పెద్దవాళ్లకి కూడా కష్టం. ఇది తొమ్మిదో తరగతి, జిల్లా పరిషత్ హైస్కూలు.

ఇంతకీ ఇదేదో నేను కనిపెట్టిన విద్య కాదు. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ సాయంతో ఏపీఫామ్‌జీఎస్ (APFAMGS) అనే కార్యక్రమం నడిచింది. అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం లాంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ బోర్లలో నీటిమట్టం కొలిచి, వాన కొలిచి, ఈ ఏడాది ఉన్న నీళ్లకి ఏ పంట వేయొచ్చో లెక్క వేసుకునేవారు. స్మార్ట్‌ఫోన్ లేని కాలం. లెక్కలు గోడల మీద రంగులతో రాసుకునేవారు. పెద్దగా చదువుకోని రైతులు చేయగలిగిన పనిని పదో తరగతి పిల్లలు చేయలేరని ఎలా అంటాం? బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి జరుగుతోంది. పిల్లలు గ్రూపుగా తమ చుట్టుపక్కల సమస్య మీద సొంతంగా వివరాలు సేకరించాలనేది అందులో మొదటి షరతు. మన దగ్గర జనవిజ్ఞాన వేదిక వాళ్లు దాన్ని ఊరూరా మోశారు. ప్రాజెక్టు ఎలా చేయాలో మనకి తెలియక కాదు. ఏటా బడికి ఒకటో రెండో గ్రూపులు పోటీకి వెళ్లడం, మిగతా పిల్లలందరికీ ఫ్యాన్సీ షాపు, అక్కడ వచ్చింది తేడా.

ఫోన్ కొలిచే పరికరం కూడా అన్న సంగతి చాలామంది టీచర్లకే తెలియదు. జర్మనీలో ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ఫైఫాక్స్ అని ఒక ఉచిత యాప్ తెచ్చారు, ఫోన్లోనే ఉన్న సెన్సర్లతో ఫిజిక్స్ ప్రయోగాలు చేయడానికి. అందులో శబ్దంతో నడిచే స్టాప్‌వాచ్ ఉంది. మా ఊళ్లో నీళ్లున్న చేదబావి ఇంకా ఒకటి మిగిలి ఉంది. గట్టు మీద చిన్నరాయితో టక్కుమని కొట్టగానే పక్కవాడు బెడ్డ వదలాలి, అది నీళ్లలో పడ్డ చప్పుడుకి గడియారం ఆగుతుంది. ఒకటిన్నర సెకను వచ్చిందనుకోండి, వస్తువు ఎంత దూరం కింద పడిందో చెప్పే అర్ధ జీటీ స్క్వేర్ సూత్రంలో వేస్తే పదకొండు మీటర్లు, అంటే సుమారు ముప్పై ఆరు అడుగులు. ఆ తర్వాత చేదతాడు వేసి కొలిచి చూసుకోవడమే. రెండు కొలతలకీ తేడా వస్తుంది, ఎందుకొచ్చిందన్నదే అసలు పాఠం. కొట్టడానికీ వదలడానికీ మధ్య చేయి ఆలస్యం చేసిందా, కింద చప్పుడు పైకి రావడానికి పట్టిన కాలం ఎంత, ఇలా. ఈ యాప్ వేసుకోవడానికి తాళం వేసిన ట్యాబు ఒప్పుకోదు. దాని సంగతి మళ్లీ చెప్పను, బీపీ పెరుగుతుంది.

ఇప్పుడు హైబ్రిడ్ చదువు సంగతి. ఈ మాట వినగానే చాలామందికి సగం పిల్లలు క్లాసులో, సగం పిల్లలు జూమ్‌లో అన్న బొమ్మ కళ్లముందుకొస్తుంది. హైదరాబాద్ ఇంటర్నేషనల్ స్కూళ్లకి అది సరిపోతుందేమో. మా దగ్గర జనవరి వచ్చిందంటే మిర్చి కోతలకి గుంటూరు, పల్నాడు వైపు కుటుంబాలకి కుటుంబాలే ఆటోల్లో, ట్రాక్టర్లలో బయల్దేరతాయి. పిల్లల్ని ఊళ్లోనే ఉంచడానికి సీజనల్ హాస్టళ్లు పెడతారు కానీ అందరూ ఉండరు. చిన్న తమ్ముణ్ణి చూసుకోవాలనో, ఇంటి దగ్గర ఎవరూ లేరనో కొందరు వెళ్లిపోతారు. వాళ్లు మార్చిలో తిరిగొచ్చేసరికి క్లాసు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది, సిగ్గుతో కొందరు మళ్లీ బడి గుమ్మం తొక్కరు.

అలా వెళ్లిన ఒక పిల్లాడు బోర్ల గ్రూపులో ఉన్నాడు. వాడికి నేను రికార్డు చేసిన పాఠాలు పంపితే చూస్తాడా? పగలంతా కోత, రాత్రి వాళ్ల నాన్న ఫోన్లో డేటా ఉంటే ఉన్నట్టు. కానీ గ్రూపులో మిగతా పిల్లలు వాడికి ఒక పని అప్పజెప్పారు: నువ్వున్న చోట బోర్ల లోతు ఎంతో కనుక్కుని పంపరా అని. వాడు పొలం ఆసామిని అడిగి వాయిస్ మెసేజ్ పెట్టాడు. అక్కడ కాలవ నీళ్లు కూడా ఉన్నాయని, బోర్లు మన ఊళ్లో అంత లోతు లేవని, వాడి గొంతులో కాస్త ఆశ్చర్యం, కాస్త ఉక్రోషం. ఆ మెసేజ్ క్లాసులో వినిపించాం. షీటులో వాడికి ఒక పేజీ కలిపాం. వాడు పనికి వెళ్లడం సరైనదని అనను, పిల్లాడు బడిలోనే ఉండాలి. కానీ వెళ్లినవాడికి బడితో తెగిపోకుండా ఒక దారం ఉండాలంటే, వాడు వినే పాఠం కంటే వాడు చేయగలిగిన పని గట్టిగా పట్టి ఉంచుతుంది. వచ్చాక వాడు వెనకబడ్డవాడిలా రాలేదు, పల్నాడు వివరాలు తెచ్చినవాడిలా వచ్చాడు.

ఫోన్లు అందరికీ ఉండవు కదా అంటారు. నిజమే, అయితే సమస్య మనం అనుకునే చోట లేదు. పల్లె పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల ఇళ్లలో దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. ఆ ముందు వారంలో చదువుకి సంబంధించిన పనికి దాన్ని వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్లు 76 శాతం. అంటే ఫోన్ ఉంది, దానితో చేయదగ్గ పనే మనం ఇవ్వలేదు. ఇంకో అంకె ఉంది, అది నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది: ఫోన్ వాడటం తెలిసిన పిల్లల్లో సొంత ఫోన్ ఉన్నది మగపిల్లల్లో 36 శాతానికి, ఆడపిల్లల్లో 27 శాతానికి. గ్రూపులో ఫోన్ ఎప్పుడూ అబ్బాయి చేతికే వెళ్తుంది, అమ్మాయి రాయడానికి కూర్చుంటుంది. మేం ఒక నియమం పెట్టాం, ఫోన్ ఎవరు తెస్తే వాళ్లు దాన్ని పట్టుకోకూడదని. అమ్మాయి ఫోటో తీస్తుంది, అబ్బాయి రాస్తాడు. దీని మీద మొదట్లో బాగా గొడవలయ్యాయి, ముఖ్యంగా ఫోన్ గీతలు పడుతుందేమోనని భయపడే అన్నయ్యల దగ్గర్నుంచి.

ఇక అసలైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. ఏమీ తెలియని పిల్లాణ్ణి "నువ్వే కనుక్కో" అని వదిలేస్తే వాడు ఏమీ కనుక్కోడు. 2006లో కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు దీని మీద గట్టి వ్యాసం రాశారు: కొత్తగా నేర్చుకునేవాళ్లకి విడమరిచి చెప్పడమే పనిచేస్తుందని, పెద్దగా సాయం లేని అన్వేషణ బుర్ర మీద భారమేనని. చదవడమే సరిగ్గా రాని పిల్లలు నా క్లాసులోనూ ఉన్నారు. వాళ్లకి బోర్ల సర్వే చదవడం నేర్పదు. దశాంశాలు రానివాడికి గ్రాఫు గీత తప్ప ఇంకేమీ కనపడదు. అలాంటి చోట మంచి సాఫ్ట్‌వేర్ నిజంగానే పనిచేస్తుంది. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఇంకో ఇద్దరు కలిసి ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే ప్రోగ్రాం మీద చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. పిల్లాడి క్లాసుని పట్టించుకోకుండా వాడి అసలు స్థాయి నుంచి లెక్కలు ఇచ్చే ప్రోగ్రాం అది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో గట్టి మెరుగు కనిపించింది. మరోపక్క పెరూలో 319 పల్లెటూరి బడుల్లో పిల్లకో ల్యాప్‌టాప్ పథకాన్ని పరీక్షించి చూస్తే, 2012లో వచ్చిన ఫలితం ఏమిటంటే, లెక్కల్లోనూ భాషలోనూ తేడా లేదు. వస్తువు పంచడం వేరు, ఆ వస్తువుతో ఏం చేయించాలో ముందే తెలిసి ఉండటం వేరు.

కాబట్టి నేను రెండూ కావాలంటాను, కానీ కలపొద్దంటాను. దశాంశాలు, భిన్నాలు, చదవడం లాంటివి సాధన చేయించడానికి కంప్యూటర్ని కూర్చోబెట్టండి, అది నాకంటే ఓపికగా చేయిస్తుంది. ప్రాజెక్టులో మాత్రం కంప్యూటరు నేర్పకూడదు. అక్కడ అది నోటుబుక్కు, స్కేలు, టార్చిలైటు. టీచరు అక్కడ ఎక్కువ పని చేయాలి, తక్కువ కాదు. బోర్ల సర్వేకి ముందు మీటర్లూ అడుగులూ మార్చడం, సగటు తీయడం, గ్రాఫు మీద చుక్క పెట్టడం నేనే బోర్డు మీద చెప్పాను, పాతకాలం మాస్టారులాగే, సుద్దముక్కతో. అవి రాకుండా పొలాల్లోకి పంపితే అది పిక్నిక్.

టీచరు పని అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. టెక్నాలజీ మా టైమ్ మిగులుస్తుందని ఎవరన్నా అంటే నవ్వొస్తుంది. పొద్దున్నే హాజరు ఫోటో, ఆమధ్య దాకా మరుగుదొడ్ల ఫోటో కూడా, మధ్యాహ్నం భోజనం ఫోటో, గుడ్ల లెక్క, సర్వర్ పనిచేయకపోతే మళ్లీ మళ్లీ. ఒక టీచరు ఫోన్ గ్యాలరీ తెరిస్తే పిల్లల ముఖాల కంటే సింకుల ఫోటోలు ఎక్కువ ఉంటాయి. ఆ సమయంలో సగం వెనక్కిస్తే చాలు, కొత్త పరికరం ఏదీ అడగం. నేను చూసిన ఒక బడిలో టింకరింగ్ ల్యాబు ఉంది, పిల్లలు సొంతంగా వస్తువులు తయారు చేసి చూసే గది. అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద అలాంటి ల్యాబుకి 20 లక్షల దాకా గ్రాంటు ఇస్తారు. అక్కడ త్రీడీ ప్రింటరుకి కట్టిన కవరు ఇంకా విప్పలేదు. తాళం చెవి ఎవరి దగ్గరుంది, పాడైతే రికవరీ ఎవరి జీతంలోంచి అన్న భయం.

మార్కుల సంగతి అన్నిటికంటే చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి ఇంటర్నల్ మార్కులు 2019లో తీసేశారు. తెలంగాణలో 2024 నవంబరులో తీసేస్తున్నామని ప్రకటించి, మర్నాడే ఆ ఏడాదికి వాయిదా వేశారు. తీసేయమనేవాళ్ల భయంలో న్యాయం లేకపోలేదు, ఇరవైకి ఇరవై ఉదారంగా పంచే బడులు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. కానీ ప్రాజెక్టుకి మార్కు లేకపోతే పదో తరగతిలో దాన్ని ఎవరూ ముట్టుకోరు, మార్కు ఉంటే ఫ్యాన్సీ షాపు. దీనికి నా దగ్గర ఉన్న ఉపాయం, స్పైరల్ పుస్తకానికి సున్నా మార్కులు. పక్క మండలం టీచరు వీడియో కాల్‌లో ఐదు నిమిషాలు పిల్లాణ్ణి ప్రశ్నలు అడగాలి, షీటు ముందు పెట్టుకుని. అందులో ఒక ప్రశ్న తప్పనిసరి: నీ వివరాల్లో దేని మీద నీకు నమ్మకం లేదు, ఎందుకు? కొలిచినవాడు దీనికి టకటకా చెప్తాడు. ఆ తాత సంవత్సరం సరిగ్గా గుర్తులేదన్నాడు సార్, ఈ బోరు దగ్గర సిగ్నల్ రాక పాయింటు పక్కకి పడింది సార్, అని. కొనుక్కొచ్చినవాడికి నోట మాట రాదు. చాట్‌జీపీటీ రాసిచ్చినవాడికీ అంతే.

చాట్‌జీపీటీ మీద నాకు కోపం లేదని మొదట్లోనే చెప్పాను. జల్‌జీవన్ మిషన్ కింద మహిళలకి నీళ్లు పరీక్షించే కిట్లు ఇచ్చారు కదా, దానితో వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో విడమరిచి చెప్పమంటే శుభ్రంగా చెప్పింది. ఫ్లోరైడ్ లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా మంచిదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా తాగొచ్చని పిల్లలు అలా అర్థం చేసుకున్నారు. ఆర్వో ప్లాంటు వాళ్లు చూపించే టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగినవన్నీ కలిపి చెబుతుంది తప్ప ఫ్లోరైడ్‌ని విడిగా చెప్పదని కూడా అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రం ముగ్గురు పిల్లలు ప్లాంటు ఓనరు దగ్గరికి వెళ్లి ఇదే మాట అన్నారట. ఆయన మర్నాడు బడికి వచ్చాడు. ఆ కథ ఇంకోసారి.

ఒక్క విషయంలో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాం. మొదట మా షీటులో రైతుల పేర్లు ఉండేవి, లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు. ఊళ్లో ఎవరికి ఎన్ని బోర్లు ఫెయిలయ్యాయో వడ్డీ వ్యాపారికి తెలిస్తే ఏమవుతుందని ఒక పిల్లాడి అమ్మ అడిగింది. నిజమే కదా. పేర్లు తీసేసి నంబర్లు పెట్టాం, మ్యాపుని బడి దాటి పోనివ్వడం లేదు. ఇప్పుడు ఈ ఏడాది పిల్లలు ఇంకో కాలమ్ కావాలంటున్నారు: ఒక్కో బోరుకి ఎంత అప్పు చేశారు, ఇప్పటికి ఎంత తీరింది. ఊరిని అర్థం చేసుకోవాలంటే లోతు కంటే అదే అసలైన లెక్క అని వాళ్ల వాదన, కాదనలేను. తల్లిదండ్రుల అప్పు గురించి బడి అడగొచ్చా అని మా హెడ్మాస్టారు. పేరు లేకపోయినా, చిన్న ఊళ్లో ఫలానా ఏడాది ఇన్ని అడుగుల బోరు అంటే ఎవరిదో ఇట్టే చెప్పేస్తారు, అదీ నిజమే. ఆ కాలమ్ ప్రస్తుతానికి ఖాళీగా ఉంది, వాదన నడుస్తోంది. మీ బడిలో ఇలాంటిది ఎవరైనా చేసి ఉంటే ఏం చేశారో రాయండి.